కృపావతి సొరపాదు

ఆ పొద్దు జకరయ్య అనుకున్న పని చాలా చిన్నది. సద్ది తాగడం, మూలనున్న యూరియా మూట భుజానికెత్తుకోవడం, వరిమడిలో రెండో విడత చల్లేసి ఎండెక్కకముందే ఇల్లు చేరడం. ఆళ్లగడ్డ పక్క పల్లెలో కాలువ కింద ఆయనకున్నది ఒక్కటే మడి. డెబ్బైతొమ్మిదిలో యూరియా దొరకడమే గగనం. నంద్యాలలో ఎరువుల కొట్టు ముందు పొద్దంతా నిలబడి తెచ్చుకున్న మూట అది. మొదటి విడతకు పోగా మిగిలినదాన్ని ఇంట్లో ఆడవాళ్లకు చూపించి, "ఇది మడికి. ఎవురూ చెయ్యి పెట్టాకండి" అని గట్టిగా చెప్పి మరీ దాచాడు.

తీరా ఎత్తబోతే మూట పసిబిడ్డలా చంకలోకి వచ్చేసింది. విప్పి చూస్తే అడుగున కాస్త మిగిలింది, అంతే. జకరయ్య అరవడానికి నోరు తెరిచి, టక్కున మూసుకున్నాడు. ఆ మూటలో మొదట చెయ్యి పెట్టింది తానే మరి!

ఇదంతా పెరట్లోని సొరపాదు తెచ్చిన తంటా. కిందటేడు విషజ్వరంతో జకరయ్య దక్కుతాడో లేదో అన్నట్టు ఉన్నప్పుడు భార్య కృపావతి మొక్కుకుంది. ఆయన లేచి తిరిగాక, ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పింది. "నా మనిషిని దేవుడు నాకిచ్చినాడు. వచ్చే కోతపండక్కి మా పెరటి తొలి సొరకాయ తెచ్చి ఈడ పెడతా" అంది. అంతమందిలో అన్న మాట తప్పితే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే పాదును ఎవరినీ తాకనిచ్చేది కాదు. "నా మొక్కు. నా చేత్తోనే పెరగల్ల" అనేది.

తన ప్రాణం కోసం మొక్కిన మొక్కు కదా, జకరయ్యకు మనసూరుకోలేదు. ఆమె నీళ్లకు పోయినప్పుడల్లా పాదులో పిడికెడు యూరియా వేసి మట్టి కప్పేవాడు. ఆకులు నిగనిగలాడితే సంబరపడి ఇంకో పిడికెడు వేసేవాడు. కానీ ఆ పిడికిళ్లకే మూట ఇంతగా తరిగిపోతుందా?

"మూట ఏందే, ఇంత తేలిగ్గా ఉండాది?" అని భార్యను మెల్లగా అడిగాడు.

"ఎలకలేమో" అంది కృపావతి పొయ్యి వైపు తిరిగి.

"ఔ నాయనా, ఈ యేడు ఎలకలు శానా ఉండాయి" అంది తల్లి రూతమ్మ, ఎవరూ అడక్కుండానే.

యూరియా మేసే ఎలుకలు భూమ్మీద ఎక్కడా లేవని జకరయ్యకు తెలుసు. అయినా "ఎలకలే, ఎలకలే" అని తలూపి మడికి పోయాడు.

ఉన్న కాస్తా పలచగా చల్లాడు. పైరు పొట్టిగా, వెలవెలబోతూ నిలబడింది. దాన్ని ఆనుకునే పక్కింటి మద్దిలేటి మడి. అతను ఎక్కడెక్కడి యూరియానో తెచ్చి చల్లిందే చల్లాడు. పైరు నడుము దాటి నల్లగా ఊగుతోంది. "ఏందన్నా, నీ మడికి గూడా విషజ్వరమా?" అని గట్టు మీద నిలబడి నవ్వాడు. జకరయ్యకు తల కొట్టేసినట్టయింది.

పెరట్లో మాత్రం సొరపాదు వీరంగం ఆడుతోంది. పందిరి దాటి, కొట్టం ఎక్కి, పక్కింటి మద్దిలేటి కప్పు మీదికీ పాకింది. ఆకులు చేటలంత. కాయ మాట దేవుడెరుగు, పిందె కూడా లేదు. కృపావతి రోజూ ఆకులు ఎత్తి ఎత్తి చూసేది. పండుగ వారంలోకి వచ్చేసరికి పాదు కిందే కూలబడి ఏడ్చింది.

"దేవునికిచ్చిన మాట తప్పితినయ్యా. నువ్వు వద్దన్నా ఇనక, మూటలోంచి దోసిళ్లు దోసిళ్లు తెచ్చి పోసినా. ఆ పాపమే ఇది."

"నువ్వు గూడా పోసినావా?" అన్నాడు జకరయ్య.

కృపావతి ఏడుపు ఆగిపోయింది. "నువ్వు గూడా అంటాండావేందీ?"

గడపలో రూతమ్మ దగ్గింది. "నేను కొబ్బరి చిప్పతో పోసినా. నా కోడలు పదిమందిలో మాట పడగూడదని."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ముసలమ్మే నవ్వింది. "తిండెక్కువై ఆకులు మేపుకుంటాండాది. ఇంక కాయాలని దానికేం పట్టింది!"

ఆ సాయంత్రమే గాలివాన పట్టుకుంది. తెల్లారగానే జకరయ్య గుండె చేతబట్టుకుని మడికి ఉరికాడు. యూరియా ఎక్కువై మెత్తగా ఏపుకొచ్చిన మద్దిలేటి పైరు చాప పరిచినట్టు నీళ్లలో పడి ఉంది. జకరయ్య పొట్టి వరి గట్టి కాడల మీద కంకులు వంచుకుని నిలబడే ఉంది. మద్దిలేటి గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమేసినావన్నా నీ మడికి?"

"ఎయ్యలేదప్పా. ఎలకలు తినేసినాయి" అన్నాడు జకరయ్య. ఆ మొహం చూస్తే ఇంకేమీ అనబుద్ధి కాలేదు. "లెయ్, కంకి మొలకెత్తకముందే నాలుగేసి దుబ్బులు కలిపి జుట్టు కట్లు కట్టి నిలబెడదాం" అని మడిలోకి దిగాడు. కబురందుకుని కృపావతీ రూతమ్మా కూడా చీర కుచ్చిళ్లు ఎగదోపి వచ్చారు.

కోతపండుగ నాడు కృపావతి తమ మడిలో కోసిన తొలి వరిపనను నెత్తిన పెట్టుకుని చర్చికి వచ్చింది. అందరి ముందూ నిలబడింది. "సొరకాయ ఇస్తానంటి, కాయించలేకపోతి. ఆ కాయ కోసమని మేం ముగ్గురం ఎరువు దొంగలమైతిమి. ఆ దొంగతనంతోనే దేవుడు మా మడిని నిలబెట్టినాడు. మనిషినిచ్చినాడు, మెతుకునిచ్చినాడు. ఇంకేం కావల్ల నాకు?" అంది. నవ్వుతూనే కళ్లొత్తుకుంది. వెనక వరసలో జకరయ్య తువ్వాలు మొహం మీదికి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

పండుగ అయ్యాక, బలుపు దిగిన సొరపాదు తీరిగ్గా తొలికాయ కాసింది, మద్దిలేటి కప్పు మీద. అతనే కోసుకొచ్చి ఇస్తే కృపావతి మరుసటి ఆదివారం మొక్కు చెల్లించింది.

మరుసటేడు యూరియా మూటను పెట్టెలో పెట్టి తాళం వేశారు గానీ, ఆ తాళంచెవి దగ్గరుంచుకోవడానికి ముగ్గురిలో ఎవరికీ తమ మీద నమ్మకం చాలలేదు.