ముప్పై మైళ్ల పందెం, ఒక కట్టెల పడవ

నవ్వేవాళ్లు ముందే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు కోపం.

మా ఊరు ముత్తుకూరుకు తూర్పున. బావులన్నీ ఉప్పు. మంచినీళ్లు కావాలంటే ఆడవాళ్లు రెండు మైళ్లు ఇసుకలో నడిచి ఇసుక తవ్విన చలమలో తోడుకోవాలి. ఈ అన్యాయం మీద నేను మూడు మీటింగులు పెట్టాను. వచ్చినవాళ్లు తాగడానికి మూడుసార్లూ నీళ్లు మోసింది మా ఆవిడ ఎస్తేరమ్మ.

మూడో మీటింగు అయ్యాక అడిగింది. "ఏమయ్యా, ఆడదాని కష్టం, ఆడదాని కష్టం అని గొంతు చించుకుంటుండావే, ఒక్కనాడన్నా బిందె ఎత్తినావా?"

"బిందె ఎవరైనా ఎత్తుతారు. యువజన సంఘమోళ్లు పరుగు పందెం పెట్టినారు. కృష్ణపట్నం కాడ్నించి వాకాడు పక్క కాలువ రేవు దాకా, ఇసుకదారిన ముప్పై మైళ్లు. నేను పరుగెత్తుతుండా. కష్టమంటే అదీ!"

"ఈ మే నెల ఎండలోనా? ఆదివారం గుడికి పొయ్యేదానికే రెండు చోట్ల కూర్చుంటావు."

"పందెమా?"

"పందెమే. నీ కాళ్లతో నువ్వు ఆ రేవు చేరితే ఇంక జన్మలో ఈ బిందె మాట ఎత్తను. చేరకపోతే దినామూ రెండు బిందెలూ నీవే."

ఒప్పుకున్నాను. ఒప్పుకుని నేరుగా పడవ పెంచలయ్య దగ్గరికి పోయాను. బకింగ్‌హాం కాలువలో మద్రాసుకు సరుగుడు కట్టెలు తోలే మనిషి. పందెం దారీ కాలువా నాలుగో మైలు తోపు దగ్గర కలుస్తాయి. అక్కడ ఎక్కి, రేవుకు అర మైలు ముందు దిగి, పరుగెత్తుకుంటూ దండ వేయించుకోవడం నా పథకం. "ఎక్కన్నా, దానికేముండాది" అన్నాడు.

ఆదివారం ఆరాధన తప్పిపోకుండా పందెం శనివారమే పెట్టారు. బాగా తెల్లవారాక పదకొండు మందిమి బయలుదేరాం. నాలుగో మైలుకే ఇసుక పెనమైపోయింది. చెంబు కావాలన్నట్టు మొహం పెట్టి తోపులోకి జారుకున్నాను.

కట్టెల మీద పడుకుని నాలుగు మైళ్లు ప్రయాణించాను. జీవితంలో అంత సుఖం పడలేదు.

పది గంటలకు దక్షిణపు గాలి లేచింది. మేం పోయేదీ దక్షిణానికే. పెంచలయ్య తెరచాప దించేసి, తాడు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఇదేంది?"

"ఎదురుగాలన్నా. గట్టు మీద నడిచి లాగాల. నా కూలోడికి జ్వరం, రాలేదు."

"నేను లాగడమా!"

"పోయిన నెల రేవులో నువ్వే గదన్నా చెప్పింది? ఒకడు లాగతా ఉంటే ఒకడు కూర్చోనుండేది దోపిడీ అని. మావోళ్లంతా చప్పట్లు కొట్టినారు."

నా ఉపన్యాసాలు ఎవరూ వినరని ఎంతో బాధపడేవాణ్ణి. వినేవాడు దొరికాడు. దిగాను.

తాడు భుజాన వేసుకుని పది అడుగులు వేశానో లేదో, పడవ ముందువైపు గూడులోంచి గొంతు వినిపించింది. "నిదానమయ్యా! గంజి ఒలకతా ఉండాది!"

తిరిగి చూస్తే ఎస్తేరమ్మ. గొడుగు వేసుకుని, కుండ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పందెం గెలిచి అలిసిపోయి ఉంటానని రేవుకు గంజి తెస్తోందట. ఆ రోజు దక్షిణానికి పోయే పడవ అదొక్కటే. ఆమె కూడా అందులో వస్తుందేమో అని ఆలోచించే తెలివి నాకు లేకపోయింది.

"నువ్వెప్పుడెక్కినావు?"

"నీకంటే ముందు. కట్టెల అవతల ఎవరో గుర్రు పెడతా ఉంటే, తెలిసిన గుర్రే అనుకున్నా."

ఇరవై రెండు మైళ్లు లాగాను. గంజి రెండుసార్లు పోసింది.

పొద్దుగూకే వేళకు రేవు చేరాం. పదకొండు మందిలో ఇద్దరే చేరారట. సంఘం కార్యదర్శి క్రీస్తురాజు దండతో ఎదురొచ్చి, తాడు చూసి ఆగిపోయాడు. "జకరయ్యన్నా, పందెం పూర్తి చేసినట్టా, కానట్టా?"

"ఆయన్నే చెప్పమను" అంది ఎస్తేరమ్మ. "ఏమయ్యా, పడవెక్కినావా?"

ఎక్కానంటే ఓడినట్టే. "లేదు, నా కాళ్లతోనే వచ్చినా" అన్నాను.

"పడవెడు కట్టెలు లాక్కోనా?"

"ఆ!"

"అట్లయితే నువ్వే గెలిచినావు. నేనింక ఆ మాట ఎత్తను." ఆమె క్రీస్తురాజు వైపు తిరిగింది. "దండ వెయ్యి నాయనా. ఇంత బలముండే మొగోడు ఇంట్లో ఉంటే, రెండు బిందెలకు ఆడది పోతే ఊరు నవ్వదా?"

దండ పడింది.

చలమలో బిందెడు నీళ్లు ఊరడానికి చాలాసేపు పడుతుందని నాకు సోమవారం తెలిసింది.