బొటనవేళ్లకు ప్రార్థన

జూన్ వచ్చిందంటే నంద్యాలలో ఫ్రాన్సిస్‌కు ఆదివారాలు ఉండవు. ఆళ్లగడ్డలో అతని అత్త మరియమ్మ విత్తనం శనక్కాయలను మిషన్‌కు వేయనివ్వదు. పప్పు చిట్లితే మొలవదని ఆమె పట్టు. కూతుళ్లు, అల్లుళ్లు కూర్చుని చేత్తో ఒలవాల్సిందే.

ఈసారి అతనికి దారి దొరికింది. శనివారం పేపరు తెచ్చి భార్య లూదియా ముందు పరిచాడు.

"చూసినావా? ఆసియా క్రీడల్లో వీడియో గేములకు గూడా పతకాలిస్తాండారు."

"అయితే?"

"అయితే ఏందీ? నేను ఫోన్లో ఫుట్‌బాల్ ఆడేది సోమరితనం కాదు, సాధన. ఈ బొటనవేళ్లు దేశానివి. వీటితో శనక్కాయలు ఒలవగూడదు."

లూదియా నలభై మూడేళ్ల ఆ బొటనవేళ్లను, వాటి వెనకున్న పొట్టను పరీక్షగా చూసింది.

"దేశానివైతే కాపాడుకోవాలప్పా" అంది.

అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే అతను అనుమానించాల్సింది.

మరునాడు చర్చిలో అయ్యగారు ప్రార్థన మనవుల చీటీలు చదువుతున్నారు. ఆనందరావు మోకాలి నొప్పి తర్వాత, "సోదరుడు ఫ్రాన్సిస్ ఆసియా క్రీడల్లో పతకం సాధించేట్లు, ఆయన బొటనవేళ్లకు బలం కలిగేట్లు" అని వినిపించింది. చీటీ మీది రాత లూదియాది.

సంఘమంతా కళ్లు మూసుకుంది. ఫ్రాన్సిస్ ఒక్కడే తెరుచుకుని ఉన్నాడు.

బయటికి రాగానే ఆనందరావు కుంటుతూ వచ్చాడు. "ఏం ఆటన్నా?"

"ఫుట్‌బాల్."

"బొటనవేళ్లతోనా? ముందే చెప్పింటే నేనూ ఆడుతుంటినే!"

ఇంతలో ఫోన్ మోగింది. మరియమ్మ.

"వేళ్లకు బలం కావాలంట గదా నాయనా? శనక్కాయ నొక్కేదానికి మించిన కసరత్తు యాడుంది? నీకని వేరే మూట తీసిపెట్టినా."

ఫ్రాన్సిస్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. "నేను రానని చెప్పు, లూదియా."

"ఇంతమంది ప్రార్థన చేసినాక కసరత్తు మానుకుంటావా? ఆ మాట అయ్యగారికి నువ్వే చెప్పుపో."

అతను బస్సెక్కాడు.

సాయంత్రానికి రెండు బొటనవేళ్లకూ బొబ్బలు లేచాయి. ఇంటికొచ్చి ఫోన్లో ఆట మొదలుపెడితే, మొదటి బంతి తన సొంత గోల్లోకే పోయింది.

మరుసటి ఆదివారం వచ్చింది. ప్రార్థన చేయించుకున్నవాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం ఆ సంఘంలో ఆనవాయితీ. అందరూ ఫ్రాన్సిస్ వైపు తిరిగారు. అతను ప్లాస్టర్లు చుట్టిన వేళ్లతో లేచాడు.

"దేవుడు నా వేళ్లను ముట్టినాడు" అని ఆగాడు. అతని ముందు వరుసలోనే లూదియా తలవంచుకుని ఉంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. "ఆట మాన్పించినాడు."

"ఆమేన్!" అన్న మొదటి గొంతు ఆమెదే.

అతను కూర్చున్నాక వెనక్కి తిరిగి మెల్లగా చెప్పింది.

"ఇంకా రెండు మూటలున్నాయంట. పన్నెండింటికి బస్సు."