టెస్ట్ గారి పుట్టినరోజు కేకు

సర్వర్ పనిచేయకపోవడమంత సుఖం లోకంలో మరొకటి లేదు! నవ్వకండి, బాగా ఆలోచించే చెబుతున్నాను.

మా ఆవిడకి కేకుల కొట్టుంది. దానికో యాప్ చేసి, వెనకాల సర్వర్ కూడా పెడతానని మా బావమరిది పూనుకున్నాడు. మేం వెంటనే తలుపుకి బోర్డు తగిలించాం: "ఇకపై ఆర్డర్లు యాప్‌లోనే." అంతకుముందు ఎంత గోల! క్రీమ్ తగ్గించండి, మా వాడి పేరులో దీర్ఘం మర్చిపోకండి... ఇప్పుడు ఫోన్ మోగితే ఒట్టు!

సర్వర్ అంటే గదినిండా యంత్రాలనుకున్నారా? మా బావమరిది ల్యాప్‌టాపే సర్వర్. మూత వేస్తే కొట్టు మూసినట్టేనట! అందుకని దాన్ని డైనింగ్ టేబుల్ మీద, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, మేం నేలమీద తింటున్నాం. నడుముకి ఎంత మంచిదో! హోటల్లో సర్వరైతే పిలిస్తే పలుకుతాడు. దీనికా తొందరపాటు లేదు.

"బయటివాళ్ల ఫోన్లలో తెరుచుకోవట్లేదయ్యా," అన్నాను.

"నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తోంది బావా!"

అబద్ధం కాదు, కళ్లారా చూశాను. కస్టమర్లే మా ఇంటికొచ్చి దానిముందు కూర్చుంటే సరిపోయేది. వాళ్లకి బద్ధకం.

అలాగని ఆర్డరే రాలేదనుకునేరు. వచ్చింది! మా ఆవిడ పొంగిపోయి, చాక్లెట్ కేకు చేసి, చుట్టూ క్రీమ్ గులాబీలు పెట్టి, మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "టెస్ట్ గారికి పుట్టినరోజు శుభాకాంక్షలు."

"ఎవరే ఈయన?"

"ఎవరో కొత్తాయన. పెద్దమనిషి, బేరమాడలేదు," అంది.

బావమరిది వచ్చి, కేకు చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో అక్కా, యాప్ పనిచేస్తోందో లేదోనని నేనే 'టెస్ట్' అని ఆర్డర్ కొట్టాను!"

మా ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఏటా మనవరాలి కేకు మన దగ్గరే చేయించుకునే మామ్మగారు నిన్న బోర్డు చూసి వెనక్కెళ్లిపోయారు. ఇలాగైతే కొట్టు నిజంగానే మూసుకోవాలిరా తమ్ముడూ," అంది. టెస్ట్ గారి కేకు ముగ్గురం నేలమీదే కూర్చుని తిన్నాం.

పొద్దున్నే వెళ్లి బోర్డు పీకి పారేశాను. ఏప్రన్ కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మామ్మగారు అటుగా పోతూ ఆగారు.

"ఏం బాబూ, మీ సర్వర్ ఏదో పడుకుందట, లేచిందా?"

"లేచి మీ ముందే నిలబడ్డాడు మామ్మగారూ. పాప పేరు చెప్పండి, దీర్ఘం ఎక్కడ పెట్టమంటారు?"