ప్రొటీనుకు నోటీసు

ఒక పెద్ద అడవిలో సంతోషానికి కూడా ఒక శాఖ ఉండేది. ఆ శాఖలో పనిచేసేవాళ్ళు నవ్వగా ఎవరూ చూడలేదు.

ఆ అడవికి ఒక్కతే డాక్టరు, దేవాంగపిల్లి నెమ్మదమ్మ. గుప్పెడంత ప్రాణి. ఒక కొమ్మ మీంచి పక్క కొమ్మకు చేరాలంటే ఆమెకు సగం పూట పట్టేది. అయినా రోగులు విసుక్కునేవారు కాదు. ఆమె వచ్చేలోపు సగం జబ్బులు వాటంతట అవే పోయేవి మరి.

కొంగ బకులమ్మ జబ్బు మాత్రం అలా పోలేదు. మూడు నెలలుగా ఆమె ఏట్లో దిగడమే మానేసింది. చేప కనబడితే మొహం తిప్పుకునేది. "బాధేం లేదు డాక్టరమ్మా, బాధపడ్డానిక్కూడా ఓపిక లేదు" అనేది.

నెమ్మదమ్మ ఆకులు ఏరి, నూరి, కాచి, కొలిచి రోజుకో దొన్నెడు కషాయం తాగించింది. అయిదో వారంలో ఎవరో తెచ్చిపెట్టిన చేపపిల్లను బకులమ్మ అటూ ఇటూ చూసి గుటుక్కున మింగింది. ఆ సంబరంలో నెమ్మదమ్మ కొమ్మకు తలకిందులుగా వేలాడి, మళ్ళీ నిటారుగా కూర్చోవడానికి మధ్యాహ్నం దాకా తంటాలు పడింది.

ఈ సంగతి అధ్యక్షుడు ఎలుగుబంటి గుర్నాథం చెవిన పడింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి, అడవిలో ఒక్క మొహంలోనూ కళ లేదు. వెంటనే డాక్టరును సభకు పిలిపించాడు.

"ఏం చేశావమ్మా ఆ కొంగకి? అదేదో అందరికీ చేసేద్దాం."

నెమ్మదమ్మ మెల్లగా మొదలుపెట్టింది. "తలలో నరాల కణాలుంటాయండి. కణానికీ కణానికీ నడుమ సన్నని సందు. ఈవలి కణం సెరొటోనిన్ అని ఒక చుక్క వదుల్తుంది. అది ఆవలి కణాన్ని తాకితే కబురు అందినట్టు. అప్పుడు ఈవలి కణం గోడలో ఉండే ఒక ప్రొటీను ఆ చుక్కను పట్టుకుని లోపలికి మోసుకుపోతుంది..."

ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. కానీ ఆమె ఊపిరి తీసుకునే లోపే సంతోష శాఖ కార్యదర్శి నక్క పేరయ్య లేచి నిలబడ్డాడు.

"విన్నారా అధ్యక్షా! వచ్చిన ఆనందాన్ని ఎవడో ఎత్తుకుపోతున్నాడు!"

"ఎత్తుకుపోవడం కాదండీ, మళ్ళీ వాడుకోవడానికి ఇంటికి..."

"వాణ్ణి ఆ పనిలో పెట్టిందెవరు?"

"ఎవరూ పెట్టలేదండీ, పుట్టుకతోనే..."

"ఉత్తర్వుల్లేకుండా చేరాడన్నమాట! రాసుకోండి!"

"నే బకులమ్మకిచ్చే మందు ఆ మోసుకుపోవడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుందంతే. అది ఆమె జబ్బుకి, ఆమె మోతాదుకి..."

అప్పటికే పేరయ్య నోటీసు సగం రాసేశాడు. చిరునామా దగ్గర ఒక్క క్షణం ఆగి, 'అందరి తలల్లో' అని నింపాడు. విచారణ రోజున బంట్రోతు అడవిపంది గుమ్మంలో నిలబడి "ప్రొటీనూ!" అని మూడుసార్లు అరిచింది. ఎవరూ రాలేదు. ప్రొటీనును సస్పెండు చేశారు.

ఆ ఉత్తర్వు ప్రొటీనుకు అందేదెలా? పేరయ్యే ఉపాయం చెప్పాడు. మోదుగాకు మీద రాయించి, తుమ్మబంకతో ప్రతి జంతువు నుదుటిమీదా అంటించారు. ఆకు కళ్ళ మీదికి జారి జింకలు చెట్లను గుద్దుకున్నాయి. 'ఉల్లాసంతో ఊగుతున్నారు' అని శాఖ నివేదిక పంపింది.

దాని వెనకే రెండు నియమాలొచ్చాయి. ఒకటి, ఆనందాన్ని మోసుకుపోయేవాడు లేడు గనుక మొదలైన నవ్వు ఆగకూడదు. ఆగిందంటే ఆ తలలో ప్రొటీను దొంగచాటుగా డ్యూటీ చేస్తున్నట్టే. రెండు, దిగులు రద్దయింది గనుక ఆసుపత్రి మూసెయ్యాలి.

కషాయం కుండకు సీలు వేస్తున్న పేరయ్య కాళ్ళు పట్టుకుంది నెమ్మదమ్మ. "మందు మధ్యలో ఆపకూడదండీ!"

"జబ్బే లేనప్పుడు మధ్యేంటి, చివరేంటి?" అన్నాడు పేరయ్య.

బకులమ్మ కోసం ఇంట్లో మిగిలిన కషాయం మూడు రోజులకు వస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో తల్చుకుంటే నెమ్మదమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మామూలుగానే అవి అంతంతమాత్రం.

మూడో రోజు విజయోత్సవ సభ. బురదగుంట ఒడ్డున వెదురు వేదిక కట్టారు. గుర్నాథం గొంతు సవరించుకున్నాడు.

"గబ్బిలం తలకిందులుగా ఎందుకు వేలాడుతుందో తెలుసా? నా ఎదుట నిటారుగా నిలబడే ధైర్యం లేక!"

అందరూ నవ్వారు. నవ్వి, పక్కవాళ్ళ వంక చూసి, ఆపకుండా ఇంకా నవ్వారు. ముళ్ళపంది కదిలినప్పుడల్లా పక్కవాళ్ళకు ముళ్ళు గుచ్చుకున్నాయి. వాళ్ళు ఏడుస్తూ నవ్వారు. గంట గడిచింది. కొండముచ్చులకు గొంతు పోయింది. శబ్దం లేకుండా నోళ్ళు మాత్రం తెరిచి కూర్చున్నాయి.

"ఇక చాలు! అసలు సంగతి చెప్పాలి" అని గుర్నాథం చెయ్యెత్తాడు. "ఈసారి కూడా నన్నే ఎన్నుకోండి!"

నవ్వు రెట్టింపయింది.

"అయ్యా, హిహి, తమరు నవ్వు ఆపారు. హిహి, నియమం..." అన్నాడు పేరయ్య. గుర్నాథం కోపంతో కాలు తాటించాడు. వెదురు ఫెళ్ళున విరిగింది. అధ్యక్షుడు మెడ దాకా బురదలో దిగబడ్డాడు.

"లాగండ్రా! మునిగిపోతున్నాను!"

సభ పొట్ట పట్టుకుని నవ్వింది. ఈసారి నియమం కోసం కాదు.

పక్కన దిగులుగా కూర్చున్న నెమ్మదమ్మ కాక, నవ్వనిది బకులమ్మ ఒక్కతే. ఆమెకు నవ్వు రాలేదు. పైగా నుదురు ఇరుకని ఆకు కూడా అంటలేదు. ఆమె ఒక్క నిమిషం చూసి, "ఎక్కు డాక్టరమ్మా" అని మెడ వంచింది. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి ఆ పొడుగుకాళ్ళు బురదలో దిగాయి. అంత వేగంగా ప్రయాణించడం నెమ్మదమ్మకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఆమె గుర్నాథం చెవిలో చెప్పింది. "ఆ రోజు నన్ను చెప్పనివ్వలేదు. పాత చుక్కను మోసుకుపోతేనే సందు ఖాళీ అవుతుందండీ. అప్పుడే కొత్త కబురు అందేది. మీరు మునుగుతున్నారన్నది కొత్త కబురు. ఎవరికీ అందడం లేదు."

"ప్రొటీనును మళ్ళీ పనిలోకి తీసుకున్నాం!"

"ఆసుపత్రి?"

"తెరిచాం!"

"సంతకం?"

చేతులు బురదలో ఉన్నాయి. అధ్యక్షుడు ఆమె చాపిన ఆకు మీద ముక్కుతో ముద్ర వేశాడు.

బకులమ్మ ఒడ్డుకొచ్చి పేరయ్య నుదుటి మీద ఆకును ముక్కుతో పీకేసింది. బంకతోపాటు కాసిన్ని వెంట్రుకలు కూడా వచ్చాయి. పేరయ్య కెవ్వుమన్నాడు. నవ్వు ఆగింది! అది చూసి అందరూ తమ ఆకులు పీక్కున్నారు. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందంటే, అధ్యక్షుణ్ణి లాగాలన్న సంగతి కాసేపటిదాకా ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం గుర్నాథాన్ని తీగలతో బయటికి లాగారు. బకులమ్మ బురదలోంచి ఓ కప్పను పట్టి తిని, "బొత్తిగా రుచి లేదు" అని సణిగింది. ఆ సణుగుడు విని నెమ్మదమ్మ పొంగిపోయింది.

వారం తర్వాత పేరయ్య ఫైలు పట్టుకుని ఆసుపత్రికొచ్చాడు. నుదుటి మీద బోడి మచ్చ ఇంకా ఉంది.

"డాక్టరమ్మా, తలల్లో ఇంకా ఎవరైనా పనిచేస్తున్నారా?"

నెమ్మదమ్మ జీవితంలో మొదటిసారి తడుముకోకుండా చెప్పింది. "ఎవరూ లేరండీ."

'తలలు ఖాళీ' అని రాసుకుని, సంతృప్తిగా సంతకం పెట్టి వెళ్ళాడు పేరయ్య.

నీతి: నోరు మూసుకుని పనిచేసేవాడి చిరునామా ఆఫీసుకు ఇవ్వకూడదు.