కత్తి పరీక్షలో రెబెకా ఫెయిల్

ఆడపిల్లకు కత్తి భయం లేకుండా చేస్తామని మైకులో చెప్పిన పెద్దమనుషులారా, రెబెకా పరీక్షలో తప్పిందంటే ఆ పాపం మీది.

రెబెకా వనపర్తిలో డిగ్రీ చదువుతుంది. పొద్దున బస్సు కోసం నిలబడే చోట ఉదయ్ కిరణ్ అనేవాడు నెల రోజులుగా బైకు మీద కూర్చుని, పెబ్బేరు సంతలో కొన్న మడత కత్తిని తెరుస్తూ మూస్తూ, తనతో మాట్లాడకుంటే మొఖం మీద గీస్తానంటున్నాడు. తల్లి ఎస్తేరమ్మ కూలి మానుకుని బిడ్డను ఠాణాకు తీసుకపోయింది. ఎస్సై సారు ఓపిగ్గా విన్నాడు. ఫిర్యాదు కాగితం తీసుకోలేదు గానీ, అంతకన్నా విలువైన కాగితం చేతిలో పెట్టాడు. మూడు రోజుల ఆత్మరక్షణ శిబిరం కరపత్రం. సర్టిఫికెట్ తెచ్చుకున్నాక, అప్పటికీ అవసరమనిపిస్తే కేసు రాస్తానన్నాడు. న్యాయం ఇంత క్రమపద్ధతిలో నడవడం మన అదృష్టం.

శిబిరం ఠాణా ఎదురుగా ఉన్న ఫంక్షన్ హాలులో. శిక్షకుడు యాదయ్య మాస్టరు. ఆయన శాస్త్రం ప్రకారం దుండగుడు ఎదురుగానే వస్తాడు, కుడిచెయ్యి పైకెత్తి "హా" అంటాడు, పిల్ల వచ్చి మణికట్టు పట్టుకునేదాకా మర్యాదగా ఆగుతాడు. రెండు రోజులు కత్తికి బదులు మునక్కాయతో సాధన చేయించాడు. వెనక నుంచి వస్తే ఎట్లా అని రెబెకా అడిగితే, అది సిలబస్‌లో లేదన్నాడు.

మూడో రోజు పరీక్ష. ముఖ్య అతిథిగా వచ్చిన మార్కెట్ కమిటీ చైర్మన్, ఇకమీదట కత్తే ఆడబిడ్డను చూసి భయపడాలని ఉపన్యసించాడు. దుండగుడి వేషానికి మనిషి తక్కువయ్యాడంటే, పెద్దమనసుతో సొంత కొడుకును వేదిక ఎక్కించాడు. ఎక్కింది ఉదయ్ కిరణే. శాలువా కప్పారు. అసలు కత్తి ఉంటే పరీక్ష ఘనంగా ఉంటుందని మాస్టరు అనగానే, వాడు జేబులోంచి తీశాడు. హాలంతా చప్పట్లు. ఎస్సై సారు కూడా కొట్టాడు.

వెనక వరుసలో ఎస్తేరమ్మ లేచింది. "సారూ, నేను జెప్పిన పోరడు వీడే. కత్తి గూడ గదే."

"కూసో అమ్మా, ప్రోగ్రాం నడుస్తుంది," అన్నాడు ఎస్సై.

వాడు నవ్వుకుంటూ దగ్గరికొచ్చాడు. రెబెకా పక్కనున్న కుర్చీని వాని కాళ్ల మీదికి తన్ని, ఉరికింది. మెట్లు దిగి, రోడ్డు దాటి, ఠాణా వరండాలోకి పోయేదాకా ఆగలేదు. ఒంటి మీద గీత పడలేదు. మాస్టరు మాత్రం నిష్పక్షపాతంగా రాసుకున్నాడు: మణికట్టు పట్టలేదు, హాలు విడిచి పారిపోయింది, సున్నా మార్కులు. ఉదయ్ కిరణ్‌కు ఉత్తమ సహకార బహుమతి ఇచ్చారు.

ఎస్సై సారు తీరిగ్గా ఠాణాకు వచ్చి సర్టిఫికెట్ అడిగాడు.

"లేదు సార్," అంది రెబెకా, ఇంకా రొప్పుతూనే. "కత్తి వాని జేబుల్నే ఉన్నది. రేపు కాలేజీకి పోవాల్నా, వద్దా? గదొక్కటి చెప్పుండ్రి."

చెప్పండి సారూ. రేపటిదాకా కాదు, ఇప్పుడే. ఆ కత్తి గుంజుకోండి. కాగితం తీసి వాని పేరు రాయండి, దాని పక్కన తండ్రి పేరు కూడా రాయండి. ఆ పేరు దగ్గర కలం ఆగితే, ఎవరికి భయపడుతున్నారో అదీ రాయండి. సాక్షులు లేరని మాత్రం అనకండి. చప్పట్లు కొట్టిన మూడు వందల మందిమి ఉన్నాం. ఒక్కొక్కరినీ పిలిచి సంతకం పెట్టించండి.