నలభై నాలుగు దాటితే

రెండువేల నాలుగు మే నెలలో ఒక పొద్దున, పటాన్‌చెరులోని రేకు డబ్బాల ఫ్యాక్టరీ మేనేజరు కామేశ్వరరావు ఒకే ఒక్క ఆలోచనతో నిద్ర లేచాడు. ఇవాళ చీకటి పడేలోగా లోడు లారీ ఎక్కాలి. ఎక్కుతుందని ఎండీ భీమశంకరం గారికి ఫోనులో మాట కూడా ఇచ్చాడు. "ఈసారీ ఆలస్యమైతే మీ కుర్చీకి ఇంకొకరిని చూసుకుంటాను" అని ఆయన చాలా మర్యాదగా చెప్పారు. మర్యాదగా చెప్పినప్పుడే ఆయన అన్నంత పనీ చేస్తారు.

లోడుకు అడ్డొచ్చేది ఒకటే, ఎండ. బయటి వేడి నలభై నాలుగు డిగ్రీలు దాటితే ఎండ తగ్గేదాకా పని ఆపాలని కార్మికులతో ఒప్పందం ఉంది. వేడి చూసే థర్మామీటరు పోయిన నెలలో కిందపడి పగిలింది. కొత్తది తెప్పించమని యూనియన్ నాయకుడు అంజయ్య అడిగితే కామేశ్వరరావు నవ్వాడు. అప్పుడే కొత్త కారు కొన్నాడు, మోజు తీరలేదు.

"థర్మామీటరు దేనికయ్యా? బయట వేడి ఎంతుందో నా కారే అంకెల్లో చూపిస్తుంది. అది అబద్ధం చెప్పదు," అన్నాడు. ఆ మాట షెడ్డులో అందరూ విన్నారు.

మధ్యాహ్నం అంజయ్య వచ్చి కారు తాళం తిప్పి చూపించమన్నాడు. పొద్దుటి నుంచి సిమెంటు నేల మీద ఎండలో మాడుతున్న కారు నలభై తొమ్మిది చూపించింది.

"ఇగ మేం కూసుంటం సార్."

కామేశ్వరరావు కారు దిగి బంపరు వైపు చూపించాడు. "అది అసలు వేడి కాదయ్యా! వేడి కనిపెట్టే తీగ ముందు బంపరు వెనకాల ఉంటుంది. నేల సెగ తగిలి అలా చూపిస్తోంది. బండి కదిలితే దిగుతుంది."

"అబద్ధం చెప్పదని మీరే అంటిరి గద?"

"కదిలితే చెప్పదు. నిలబడితే చెబుతుంది."

అంజయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, ఏసీ వేసి, పక్కూరు ముత్తంగి దాకా ఆపకుండా తోలాడు. అంకె మెల్లగా దిగి నలభై మూడు దగ్గర ఆగింది. "చూశావా!" అని కామేశ్వరరావు అరిచినంత పని చేశాడు. అంజయ్య చల్లగాలికి కళ్ళు సగం మూసుకుని తలూపాడు. తిరిగొచ్చేసరికి గేటు ముందు లారీలు అడ్డం. వాటి వెనక నత్తనడక నడుస్తుంటే అంకె మళ్ళీ ఎక్కి నలభై ఆరైంది.

"మేం పని చేసేది ముత్తంగిల గాదు సార్, ఈడ," అని అంజయ్య దిగిపోయాడు. షెడ్డులో చప్పుళ్ళు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే ఎండీ గారి ఫోను: "బయల్దేరాను. లోడింగు నా కళ్ళతో చూస్తాను."

కామేశ్వరరావు ఫోను జేబులో పడేశాడు. చుట్టూ చూసి వాచ్‌మన్ చిన్నరాములుని పిలిచాడు. "బోరు పైపు పట్టుకురా. బంపరు కింద నీళ్ళు కొట్టు. ఎవరైనా అడిగితే కారు కడుగుతున్నానని చెప్పు."

ఆయనకి కావలసింది నలభై రెండు. చిన్నరాములు భక్తిగా కొట్టాడు. నలభై రెండు వచ్చింది, వెళ్ళింది. "చాలు, ఆపు!" అని కామేశ్వరరావు కారు లోపలినుంచి కేకలేసినా నీళ్ళ చప్పుడులో వినపడలేదు. పైపు లాక్కునేసరికి అంకె ముప్ఫై ఒకటి.

ఇక చేసేది లేక అంజయ్యనే పిలిచి చూపించాడు. అంజయ్య అంకెని చూశాడు, ఆకాశాన్ని చూశాడు, కాళ్ళ కింద తడిని చూశాడు. "ముప్పై ఒకటా? గిదేంది సార్, చలికాలమొచ్చిందా?" అన్నాడు. కానీ ఇందాక ఇదే కారుని నమ్మి పని ఆపించింది తనే. షెడ్డులోకి వెళ్ళి పని మొదలెట్టమన్నాడు. కార్మికులు తిట్టుకుంటూ పనిలోకి దిగారు.

ఇంతలో ఎండీ గారు వచ్చారు. మేనేజరు కారులో అంకె చూసి మురిసిపోయారు. "ఊళ్ళో మండిపోతోందయ్యా. మీ దగ్గర ముప్ఫై ఒకటేనా!" అంటూ కోటు తీయకుండానే రేకుల షెడ్డులోకి నడిచారు.

కాసేపటికే ఆయన మొహం ఎర్రబడింది. చొక్కా ఒంటికి అతుక్కుంది. ఒక డబ్బాల కట్ట మీద కూలబడ్డారు.

"కామేశ్వరరావు గారూ, ముప్ఫై ఒకటికి నాకీ చెమటలేమిటి?" గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "మా నాన్నగారికీ ఇలాగే మొదలైంది. డ్రైవరుని పిలవండి. మా ఆవిడకి ఫోను చేసి, బీరువా తాళం దేవుడి పటం వెనక ఉందని చెప్పండి."

అంజయ్య చెంబుతో నీళ్ళు పట్టుకుని ఉరికొచ్చాడు. "ముప్పైకి గిట్ల చెమటలు పడ్తే గుండెనే సార్. జల్దీ దవాఖానకు తీస్కపోవాలె," అంటూ మేనేజరు వైపు తీరిగ్గా చూశాడు.

నోరు విప్పితే కుర్చీ పోతుంది. విప్పకపోతే ఈ పెద్దమనిషి భయంతోనే నిజంగా పోయేలా ఉన్నాడు. ఎండీ గారి కళ్ళల్లో నీళ్ళు చూశాక కామేశ్వరరావు ఇక తట్టుకోలేకపోయాడు.

"మీ గుండె బాగానే ఉందండీ. బంపరు మీద నీళ్ళు కొట్టించాను."

"అంటే నేను పోవడం లేదా?"

"లేదండీ. ఎండండీ, అంతే."

ఎండీ గారు కోటు విప్పి, గటగటా నీళ్ళు తాగారు. తర్వాత, "అయితే అసలు వేడి ఎంత?" అని అడిగారు. ఆ సంగతి చెప్పగలిగినవాడు ఫ్యాక్టరీ మొత్తంలో ఒక్కడూ లేడు. ఎండ తగ్గేదాకా పని ఆపమని ఆయనే చెప్పి, ముందుగా తనే బయటికి నడిచారు. చల్లబడ్డాక అందరూ కలిసి చెయ్యేస్తే, దీపాలు పెట్టే వేళకి లారీ గేటు దాటింది.

"మీ కుర్చీ తీయనులెండి," అన్నారు ఎండీ గారు వెళ్తూ వెళ్తూ, ఎంతో మర్యాదగా. "కాస్త జరుపుతాను."

మర్నాడు షెడ్డు గోడకి కొత్త థర్మామీటరు వచ్చింది. దాని కిందికే కామేశ్వరరావు కుర్చీ కూడా వచ్చింది. వారం తిరక్కుండా ఆయన ఎండీ గారికి ఫోను చేసి, నలభై నాలుగు మరీ అన్యాయమనీ, నలభైకే పని ఆపడం ధర్మమనీ మనవి చేసుకున్నాడు.