పదిహేడుగురు కనిపెట్టిన ప్రెస్సు

"వచ్చే ఏడాది ఈపాటికి మన అనుమతి లేకుండా ఈ ప్రపంచంలో ఎవరూ ఏదీ కనిపెట్టలేరు!"

వైస్ ఛాన్సలర్ గారు ఇలా ప్రకటించగానే ఆడిటోరియం చప్పట్లతో దద్దరిల్లింది. ప్రపంచానికి ఎంత కష్టం వచ్చిపడిందో తలుచుకుని కొందరు కళ్లు తుడుచుకున్నారు కూడా. ఆ ఏడాదిని మేధోసంపత్తి సంవత్సరంగా పాటించాలనీ, ప్రతి డిపార్ట్‌మెంటూ మూడు నెలల్లో కనీసం ఒక పేటెంటుకు దరఖాస్తు చేయాలనీ మర్నాడే సర్క్యులర్ వచ్చింది. చరిత్ర శాఖవాళ్లు భయపడుతూనే వెళ్లి, "సార్, మా సబ్జెక్టులో అన్నీ ఎప్పుడో జరిగిపోయినవే" అని మొరపెట్టుకున్నారు.

"అయితే ఇంకా తేలిక. జరిగిపోయినవాటికే తీసుకోండి" అని ఆయన అక్కడికక్కడే దారి చూపించారు.

అసలు ఇబ్బంది వాణిజ్య, ఆర్థిక, మేధోసంపత్తి న్యాయ పరిశోధనా కేంద్రానికి వచ్చింది. కేంద్రానికున్నది ఒకటే గది. గది కన్నా పేరు పొడుగు కావడంతో బోర్డును రెండు ముక్కలు చేసి, రెండోది సందు మలుపులో బిగించారు. పేటెంట్ల మీద అక్కడ పన్నెండేళ్లుగా పరిశోధన సాగుతోంది. పేటెంటు మాత్రం ఒక్కటీ లేదు.

ఆ గదిలో కిటికీ పక్క బల్ల అసిస్టెంట్ ప్రొఫెసరమ్మది. చిన్న చిన్న పనివాళ్లు తమ పనిముట్లలో చేసుకునే మార్పులు చట్టం అండ లేకుండానే ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతాయన్నది ఆమె పరిశోధన. నాలుగేళ్లుగా వర్క్‌షాపులన్నీ తిరిగింది. ఉద్యోగం పర్మినెంటు కావడానికి ఇంకో ఏడాది ఉంది.

డైరెక్టర్ గారు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అలా రావడం అదే మొదలు.

"అమ్మా, నీ ఫొటోల్లో ఏదో ప్రెస్సు చూశాను. అదేమిటి?"

"గేటు ఎదుట థీసిస్‌లు బైండింగ్ చేసే బాబాయ్‌ది సార్. సైకిల్ బ్రేకూ తలుపు బందూ కలిపి తయారుచేసుకున్నాడు. రెండు రోజుల పని గంటలో అయిపోతుంది."

"దానికి పేటెంటు ఉందా?"

"లేదు సార్. అడిగినవాళ్లందరికీ ఎలా చేయాలో చూపించేశాడు. ఊళ్లో పదకొండు షాపుల్లో అదే వాడుతున్నారు. అందరూ వాడేదానికి పేటెంటు ఎలా ఇస్తారు?"

"వాడుతున్నట్టు కాగితం మీద ఎక్కడైనా ఉందా?"

"లేదు."

"అయితే వాడనట్టే" అన్నారు డైరెక్టర్ గారు. న్యాయశాస్త్రంలో ఆయనకు గోల్డ్ మెడల్ ఉంది.

ఆ వారమే వైస్ ఛాన్సలర్ గారు స్వయంగా బైండింగ్ షాపుకు విచ్చేశారు. అంతమంది ఆఫీసర్లు పట్టే షాపు కాదది. జిగురు గిన్నెలు రోడ్డు మీదికి జరిపి చోటు చేశారు. ఆయన బ్రేకు నొక్కి చూశారు. అట్ట కిందికి దిగి, కాగితాల కట్టను గట్టిగా పట్టుకుంది.

"అద్భుతం! ఎవరి ప్రోత్సాహంతో చేశావు?"

"మా ఆవిడేనండి" అన్నాడు బైండర్. "రోజూ ఆలస్యంగా ఇంటికొస్తున్నానని తిట్టిపోసేది."

వెనక అట్టలు కోస్తున్న ఇల్లాలు తలెత్తకుండానే అంది. "ఇప్పుడూ తిడుతున్నాను. ఆ జిగురు ఎండిపోతోంది."

వైస్ ఛాన్సలర్ గారు నవ్వి, "విశ్వవిద్యాలయ ప్రోత్సాహం అని రాసుకోండి" అని రిజిస్ట్రార్‌కి చెప్పారు.

దరఖాస్తులో ఆవిష్కర్తల జాబితా చూసి అసిస్టెంట్ ప్రొఫెసరమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. పదిహేడు పేర్లు. మొదట వైస్ ఛాన్సలర్ గారు, తర్వాత రిజిస్ట్రార్, డైరెక్టర్, డీన్లు, బ్రేకు రంగు విషయంలో సలహా ఇచ్చిన వైస్ ఛాన్సలర్ గారి బావమరిది. చిట్టచివర తను.

"సార్, బాబాయ్ పేరేదీ?" అని డైరెక్టర్ గారిని అడిగింది.

"విద్యార్హత కాలమ్ దగ్గర ఆగిపోయిందమ్మా. ఖాళీగా వదిలేస్తే దరఖాస్తుకు చిన్నతనంగా ఉంటుంది. కృతజ్ఞతల్లో 'స్థానిక సహకారం' అని వేశాం. అందులో ఆయన ఉన్నట్టే."

రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి బైండర్‌కి మర్యాదగా ఒక లేఖ వెళ్లింది. పేటెంటు వచ్చాక ఆ ప్రెస్సు వాడాలంటే విశ్వవిద్యాలయం దగ్గర లైసెన్సు తీసుకోవాలట. స్థానిక సహకారం అందించినవారు కాబట్టి ఆయన దరఖాస్తును సానుభూతితో పరిశీలిస్తారట.

ఆమె షాపుకు వెళ్లేసరికి ఆ లేఖ బల్ల మీదే ఉంది. బైండర్ దాన్ని మళ్లీ మళ్లీ చదువుతున్నాడు. ఇన్నేళ్లలో వేల థీసిస్‌లు ఆయన చేతుల మీదుగా పోయాయి గానీ, దేన్నీ ఇంత శ్రద్ధగా చదివి ఉండడు.

"అమ్మాయ్, నా ప్రెస్సు నేను నొక్కడానికి నేనే అర్జీ పెట్టుకోవాలా?"

ఇల్లాలు కత్తి పక్కన పెట్టి ఆమెకేసి చూసింది.

"నువ్వు ఫొటోలు తీస్తుంటే మంచిపిల్లవని పక్కన నిలబడి లైటు పట్టుకున్నాను" అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

"కొంచెం టైమివ్వు పిన్నీ" అని మాత్రం అనగలిగింది ఆమె.

టైము దేవుడిచ్చినట్టు పెద్దవాళ్లే ఇచ్చారు. రెండో పేరు ఎవరిదన్న దగ్గర రిజిస్ట్రార్‌కీ డైరెక్టర్‌కీ పట్టుదలలు వచ్చి, దరఖాస్తు నాలుగు వారాలు కదల్లేదు. కాగితం మీద లేనిది లేనట్టేనన్న డైరెక్టర్ గారి మాట ఆమె చెవుల్లో గింగురుమంటూనే ఉంది. సరే, కాగితం మీదే పెడదామనుకుంది. దరఖాస్తు కన్నా ముందు అచ్చులో వచ్చిన వస్తువు కొత్తది కాదు. కొత్తది కానిదానికి పేటెంటు ఎవరికీ రాదు. ఈ ముక్క ఆమె ఏటా క్లాసులో చెబుతూనే ఉంది.

ప్రెస్సు బొమ్మలు, కొలతలు, బైండర్ పేరు, పదకొండు షాపుల చిరునామాలతో వ్యాసం రాసి విశ్వవిద్యాలయ త్రైమాసిక పత్రికకు పంపింది. ప్రధాన సంపాదకులు వైస్ ఛాన్సలర్ గారే. అన్ని వ్యాసాలనూ ఆయన సమదృష్టితో చూస్తారు. ఏదీ తెరవరు. 'మిక్కిలి ఆలోచనాత్మకం, ప్రచురించండి' అని సంతకం పెట్టారు. సంచిక అచ్చయి, లైబ్రరీలకు వెళ్లి, నెట్‌లోకి కూడా ఎక్కింది. పై వారం పెద్దవాళ్లు రాజీపడి దరఖాస్తు దాఖలు చేశారు.

ఎనిమిది నెలలకు పేటెంట్ ఆఫీసు నుంచి కవరు వచ్చింది. అర్జెంటుగా మీటింగ్ అన్నారు. ఆమె రాజీనామా లేఖ రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. దారిలో షాపు ముందు ఆగితే, "మా గురించి నీ ఉద్యోగం ఎందుకమ్మా పాడుచేసుకోవడం?" అంది ఇల్లాలు.

"నేనే కదా పిన్నీ వాళ్లకి దారి చూపించింది" అని ఆమె గేటు దాటింది.

ఆడిటోరియం నిండిపోయింది. వైస్ ఛాన్సలర్ గారు కవరు పైకెత్తి చూపించారు.

"ఈ విశ్వవిద్యాలయం పుట్టి నలభై ఏళ్లు. మన పత్రికలోని వ్యాసాన్ని బయటివాళ్లు ఒక్కరైనా ఉదహరించారా? లేదు! ఈ రోజు సాక్షాత్తూ పేటెంట్ ఆఫీసు ఉదహరించింది! సంచిక నంబరుతో, పేజీ నంబరుతో, ప్రధాన సంపాదకుడిగా నా పేరుతో!"

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. వ్యాసకర్తను వేదిక మీదికి పిలిచి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఉద్యోగం పర్మినెంటు చేస్తున్నట్టు అక్కడే చెప్పారు. ప్రతి డిపార్ట్‌మెంటూ ఏడాది తిరిగేలోగా ఇలాంటి ఉత్తరం ఒకటి సంపాదించాలని ఆదేశించారు.

పేటెంటు ఇవ్వలేమని ఆ ఉత్తరం చివరి పేరాలో ఉన్న సంగతి బైండర్‌కి చెబితే, "అయితే ఇక అర్జీ అక్కర్లేదా?" అని అడిగి, బ్రేకు నొక్కి పనిలో పడ్డాడు. ఇల్లాలు ఆమెకు కుర్చీ వేసింది.

మర్నాడు ధన్యవాదాలు చెప్పుకోవడానికి ఆమె వైస్ ఛాన్సలర్ గారి గదికి వెళ్లింది. ఉత్తరం అప్పటికే గోడ మీద అద్దాల ఫ్రేములో ఉంది. పటం సరిగ్గా నిలబడిందో లేదో రిజిస్ట్రార్ దూరం నుంచి చూసుకుంటున్నారు.

"ఫ్రేము కాస్త పొట్టిదైందమ్మా" అన్నారాయన. "చివరి పేరా లోపలికి మడిచాం."